నాలుగేళ్ల బాబుకి చుట్టాల ముందు మర్యాద నేర్పడం ఎలా? నెలలో షష్టిపూర్తి ఉంది

జామచెట్టు_నీడ అడిగారు:

నమస్తే అండీ. బాబుకి నాలుగేళ్లు నిండాయి, పాపకి రెండున్నర. వచ్చే నెల రాజమండ్రిలో మా మావగారి షష్టిపూర్తి. 150 మంది దాకా వస్తారు. ప్రస్తుతం మా ఇంట్లో పరిస్థితి ఇదీ.

గుమ్మంలోకి ఎవరొచ్చినా మావాడు మొహం కన్నా ముందు చేతిలో సంచి చూస్తాడు. "నాకేం తెచ్చావ్?" అంటాడు. సంచిలోది చేతికందగానే "నువ్వెప్పుడు వెళ్తావ్?" అంటాడు. చిన్నాపెద్దా లేదు, అందరూ "నువ్వే". ఒకావిడని "నీ పొట్టలో పాపాయి ఉందా?" అని, ఒకాయన్ని "నీ జుట్టు ఎవరు తీసుకెళ్లారు?" అని అడుగుతాడు. నమస్కారం పెట్టమంటే నా వెనక దాక్కుంటాడు. అప్పటిదాకా బుద్ధిగా ఆడుకుంటున్నవాడికి నేను ఫోనెత్తగానే నాతో వంద పనులు పడతాయి. పాపేమో అన్నం కలిపిన చేతిని అలాగే ఆవకాయ జాడీలో పెడుతుంది.

విన్నవాళ్లు పకపకా నవ్వుతారు. ఆ నవ్వు చూసి వీడు మళ్లీ అంటాడు. అక్కడికక్కడే గట్టిగా చెప్పాలని మా అత్తగారు, పెద్దయితే వాళ్లకే వస్తుందని మావారు. ఏ వయసుకి ఎంతవరకు వస్తుంది, నెలలో ఏవి నేర్పగలం, దేన్ని ప్రస్తుతానికి వదిలెయ్యాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

పలకాబలపం రాశారు:

ముందు ఇద్దర్నీ వేరుచేసి చూడండి. రెండున్నరేళ్ల పాపకి మర్యాద అనేది ఇంకా మాటల్లో ఎక్కదు, అలవాటుగానే ఎక్కుతుంది. చేతులు కడుక్కోవడం, కూర్చుని తినడం, ఎవరైనా వెళ్తుంటే చెయ్యూపడం. ఈ మూడు చాలు.

బాబు సంగతి. నాలుగేళ్ల పిల్లవాడు "పొట్ట పెద్దగా ఉంది" అన్నాడంటే ఎవర్నీ వెక్కిరించడం లేదు. పెద్దది, చిన్నది, ఉంది, లేదు అని పోల్చి చూడడం కొత్తగా వచ్చింది కాబట్టి కనిపించిన ప్రతిదాన్నీ పోలుస్తున్నాడు. తన మనసులో ఉన్నది వేరు, ఎదుటివాళ్ల మనసులో ఉన్నది వేరు అన్న ఎరుక పిల్లలకి ఈ వయసులోనే మొదలవుతుంది. నిజం చెప్తే ఒకళ్లకి బాధ కలగొచ్చన్నది ఆ తర్వాతి మెట్టు. అందుకే "సిగ్గులేదూ, అలా అనొచ్చా?" అని గద్దిస్తే తను చేసిన తప్పేమిటో వాడికి అర్థం కాదు. అమ్మకి కోపం వచ్చిందన్నదొక్కటే తెలుస్తుంది.

అన్న క్షణంలో చెయ్యాల్సింది చాలా చిన్నది. మీరు నవ్వకండి, కళ్లు పెద్దవి చెయ్యకండి. ఎదుటివాళ్లతో "చిన్నవాడు, ఏమీ అనుకోకండి" అని ఒక్క ముక్క అని, వాడికి వేరే పని చెప్పండి. నవ్వు ఆపడం కష్టమే, పిల్లల మాటలు నిజంగా అంత ముద్దుగా ఉంటాయి. కానీ 10 మంది ఒక్కసారి తన వైపు తిరిగి నవ్వడం కన్నా పెద్ద బహుమతి వాడికి లేదు. ఆ నవ్వు కోసం రేపు ఇంకో నలుగురి పొట్టలు చూస్తాడు. అత్తగారికి, మావగారికి, బాబాయిలకి ఈ ఒక్క విషయం ముందుగా చెప్పి ఒప్పించండి. ఒక్కరు నవ్వినా మీ శ్రమ సగం పోతుంది.

తీరికగా ఇంట్లో నేర్పాల్సింది "చెవిమాట". మనుషుల ఒంటి గురించి, అంటే పొట్ట, జుట్టు, రంగు, పళ్లు, నడక గురించి ఏమడగాలన్నా అమ్మ చెవిలో అడగాలి. అడగొద్దు అనడం లేదు, చెవిలో అడుగు అంటున్నాం. నోరు మూసుకోమంటే పిల్లవాడు ఆగలేడు, ఆ మాటకి ఇంకో దారి చూపిస్తే ఆగుతాడు. మొదట్లో చెవి దాకా వచ్చి, అక్కణ్నుంచి వీధికి వినపడేంత గట్టిగా అడుగుతాడు. గుసగుస కూడా నేర్పాల్సిన విద్యే. మీ చెంప మీద వాడి ఊపిరి మాత్రమే తగలాలి, గొంతు వినపడకూడదు. రాత్రి పడుకునే ముందు ఆటలాగా ఆడించండి, వారంలో వస్తుంది.

ఇంక "ఏం తెచ్చావ్", "ఎప్పుడెళ్తావ్" గురించి. చుట్టం వచ్చినప్పుడు వాడికి చేతిలో పని లేదు, అందుకే సంచి మీద పడుతున్నాడు. మంచినీళ్లిచ్చే పని అప్పగించండి. అడుగు బరువుగా, వెడల్పుగా ఉండే చిన్న స్టీలు గ్లాసు తీసుకోండి, సగానికి మించి నింపొద్దు. రెండు చేతులతో పట్టుకోవాలి. పళ్లెంలో పెట్టి ఇవ్వొద్దు. పళ్లెం అడ్డమొస్తే కాళ్లు కనపడవు, కొంచెం వంగినా గ్లాసు జారుతుంది. గ్లాసు పట్టుకుని అయిదారు అడుగులు నడవడం, మనిషి ముందు ఆగడం, "మంచినీళ్లు తీసుకోండి" అనడం, వాళ్లు పట్టుకున్నాక మాత్రమే వదలడం. ఆ చివరిది విడిగా నేర్పాలి. నీళ్లు ఒలికేది ఎక్కువగా అక్కడే, ఇచ్చేవాడు ముందు వదిలేస్తాడు. ఒలికితే తుడిచే గుడ్డ ఎక్కడుందో కూడా వాడికి తెలిసుండాలి.

రోజూ 5 నిమిషాలు రిహార్సల్ వెయ్యండి, కానీ తలకిందులుగా. వాణ్ణి ఇంటి యజమానిని చేసి మీరు చుట్టమై రండి, మర్యాద తెలియని చుట్టమై రండి. తలుపు తియ్యగానే "నాకేం వండావ్?" అనండి. నీళ్లిస్తే "ఇంతేనా?" అనండి. కూర్చున్న అర నిమిషానికి "మీ ఇంట్లో బొమ్మలన్నీ నావే" అనండి. వాడు కడుపు పట్టుకుని నవ్వుతాడు, మిమ్మల్ని దిద్దుతాడు. "అలా అనకూడదమ్మా, నమస్కారం అనాలి" అని వాడి నోటితోనే వస్తుంది. వాడికి మీరు పదిసార్లు చెప్పిన దానికన్నా వాడు మీకు ఒకసారి చెప్పింది ఎక్కువ గుర్తుంటుంది.

చాక్లెట్ ఆశ పెట్టొద్దు. 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో, బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న పిల్లలు కొందరికి "వేస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. ఆ తర్వాత వాళ్లు మిగతా పిల్లలకన్నా బొమ్మల మీద తక్కువ సేపు గడిపారు. 2008లో వచ్చిన ఇంకో పరిశోధనలో 20 నెలల పసివాళ్లు కూడా, సాయం చేసినందుకు బొమ్మ ఇస్తూ పోతే, తర్వాత సాయం చెయ్యడం తగ్గించారు. నమస్కారానికో చాక్లెట్ ఇస్తే 150 మంది చుట్టాల్లో వాడికి 150 చాక్లెట్లు కనపడతాయి. దాని బదులు చేసిన పని పేరు పెట్టి చెప్పండి: "తాతయ్య గ్లాసు పట్టుకునేదాకా ఆగావు." వట్టి "గుడ్ బాయ్" అంటే ఏ పనికి అన్నారో వాడికి తెలియదు.

---

గోదారి_పాయ రాశారు:

"నువ్వు" గురించి నేను చెప్తానండి. పిల్లవాడు తనతో అందరూ మాట్లాడే మాటే తిరిగి అంటాడండి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాడి చెవిన పడేది "రా, తిను, కూర్చో, నువ్వే". అదే మావగారికి అప్పజెబుతున్నాడు. పైగా మనం వాడితో మాట్లాడుతూ "తాతని పిలు, తాతకివ్వు, తాత వచ్చాడు" అంటాం. గారూ లేదు, అండీ లేదు. ఇంక వాడికి ఎక్కణ్నుంచి వస్తుందండి?

మా గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లల్లో పసిపిల్లలతోనే "రండి బాబూ, కూర్చోండి, పాలు తాగుతారా అండీ" అని మాట్లాడతారు. అది ముద్దు కోసమే కాదండి, పిల్లలకి వినికిడి కోసం. మీరు రోజులో ఒక పూట పెట్టుకోండి, సాయంత్రం టిఫిను వేళ అనుకోండి. ఆ 15 నిమిషాలు ఇంటిల్లిపాదీ ఒకళ్లనొకళ్లు అండీ అనాలి, వాడితో సహా. మొదటి మూడు రోజులూ అన్నిటికీ అండీ తగిలిస్తాడు. "కుక్కగారు వచ్చారండి", "దోశ మాడిపోయారండి" అంటాడు. దిద్దకండి. ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటున్నాడంతే, రెండు వారాల్లో సర్దుకుంటాడు.

"మీరు" అను, "మీరు" అను అని వెంటపడొద్దు. "ఇస్తారా", "రండి", "కూర్చోండి", "మళ్లీ రండి" అని నాలుగు మాటలు నేర్పండి చాలు. ఈ నాలుగూ సరిగ్గా వస్తే మధ్యలో ఒక "నువ్వు" దొర్లినా ఎవరూ పట్టించుకోరు. "ఎప్పుడెళ్తావ్" స్థానంలో "మళ్లీ రండి" పెట్టండి. వాడు అడుగుతున్నది ఒకటే, ఈ మనిషి ఎంతసేపుంటారు, నా అమ్మ నాకెప్పుడు దొరుకుతుంది అని. కాబట్టి చుట్టం రాకముందే చెప్పెయ్యండి: "అత్తయ్య వస్తారు, కాఫీ తాగుతారు, బొట్టు పెట్టించుకుని వెళ్తారు. అప్పుడు మనం గుమ్మం దాకా వెళ్లి మళ్లీ రండి అందాం." గడియారం తెలియనివాడికి వరస తెలిస్తే స్థిమితంగా ఉంటాడు. ఒక్క జాగ్రత్త: చుట్టం ఇంకా కూర్చునే ఉండగా వీడు "మళ్లీ రండి, మళ్లీ రండి" అంటాడు. చెప్పులేసుకున్నాక అనాలని కూడా చెప్పండి.

బహుమతి విప్పి "ఇది నాకుందిగా" అనడం కూడా వస్తుంది, చూడండి. దానికి మూడు మెట్లు: రెండు చేతులతో పుచ్చుకోవడం, ఇచ్చినవాళ్ల మొహం చూసి థాంక్యూ అండీ అనడం, విప్పకుండా అమ్మకివ్వడం. విప్పడం ఇంటికెళ్లాకే. నచ్చనిది నచ్చిందని అబద్ధం చెప్పించాల్సిన అవసరమే రాదు.

---

పోచంపల్లి_పోగు రాశారు:

పైన చెప్పినయి అన్నీ మంచిగున్నయి. ఒక్క ముచ్చటల నా మాట వేరే. మా దిక్కు అమ్మమ్మను, తాతను, మేనత్తను "నువ్వు" అనే అంటరు. అది మర్యాద తక్కువై కాదు, దగ్గరితనం. కొన్ని ఇండ్లల్ల మనుమడు "మీరు" అంటే ముసలవ్వ మనసు చిన్నబోతది. మీ రాజమండ్రి ఇంట్ల పద్ధతి వేరే ఉంటే అదే నేర్పుర్రి, కానీ రెండు దిక్కులా చుట్టాలుంటే పిలగానికి గిట్ల చెప్పుర్రి: ఇంట్లోల్లు ఎట్ల పిలవమంటే అట్ల, కొత్తోల్లను అండీ. నాలుగేండ్లోడు ఇది పడతడు. వాడు ఇప్పటికే బళ్లె టీచర్‌తోని ఒక తీరు, ఇంట్ల ఒక తీరు మాట్లాడుతుండొచ్చు, చెవి పెట్టి వినుర్రి.

ఇగ నమస్కారం. వెనుక దాచుకునే పిలగాన్ని ముందలికి గుంజొద్దు. కొత్త మొహం, కొత్త గొంతు, మీద వంగి బుగ్గ గిల్లుడు, అన్నీ ఒక్కసారే మీద పడ్తయి. వచ్చినోళ్లు కూసున్నంక, పది నిమిషాలు పోనిచ్చి అడుగుర్రి, అప్పుడు పెడతడు. రెండు తొవ్వలు చూపెట్టుర్రి: "నమస్కారం పెడతవా, చెయ్యి ఊపుతవా?" రెండూ మర్యాదే. ఏదో ఒకటి వాడే ఎంచుకుంటే మొండికేసుడు తక్కువైతది.

ముద్దు పెట్టుమని, ఒళ్లె కూసోమని మాత్రం ఎవ్వరి కోసం బలవంతం చెయ్యొద్దు. వద్దంటే వద్దు. "వాడు దండం పెడతడు" అని మీరే నవ్వుకుంట చెప్పి తప్పియ్యుర్రి. తన ఒంటి మీద తన మాట చెల్లుతదని పిలగానికి ఇంట్ల తెలిస్తెనే, బయట ఎవరన్న తప్పుగ తాకితే వచ్చి చెప్తడు. పాటపాడు, డాన్స్ చెయ్యి అని అందరి నడుమ నిలబెట్టుడు కూడా మర్యాద లెక్కల రాదు.

కాళ్లు మొక్కుడు నేర్పెటప్పుడు పెద్దమనిషి కూసుండి ఉండాలె, ఒళ్లె సంచి ఉండొద్దు. నిలబడ్డోళ్ల కాళ్ల మీద పడి లేస్తుంటే తల మోకాలికో సంచికో తాకి ఏడుస్తరు. ఒక రోజుల ముగ్గురు నలుగురి కాళ్లు చాలు. వరుసబెట్టి పన్నెండు మందికి మొక్కిస్తే అయిదో మనిషి కాడ నేల మీదనే పండుకుంటడు.

---

జామచెట్టు_నీడ:

చాలా చాలా థాంక్స్ అండీ అందరికీ. చెవిమాట ఇవాళే మొదలుపెట్టాం, ప్రస్తుతానికి వీధికి వినపడే దశలోనే ఉంది. ఒక సందేహం. మావాడిది ఎడమచేతి వాటం. నీళ్ల గ్లాసు, తాంబూలం ఎడంచేత్తో ఇస్తే పెద్దవాళ్లు ఊరుకోరు. పాప ఆవకాయ జాడీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఫోను కూడా.

---

వంటింటి_గడప రాశారు:

ఎడమచేతి వాటాన్ని మార్చకండి. రాయడం, గీయడం, బంతి విసరడం వాడి చేత్తోనే సాగనివ్వండి. పదిమందిలో ఒకళ్లకి ఉండే వాటమే అది. ఇవ్వడం, పుచ్చుకోవడం మాత్రం రెండు చేతులతో అని నేర్పండి. రెండు చేతులూ చాస్తే ఏ పెద్దమనిషీ తప్పు పట్టరు, పైగా ఒంటి చెయ్యి కన్నా అదే ఎక్కువ మర్యాద. వాడికి ఎడమ, కుడి గుర్తు పెట్టుకునే బాధ కూడా లేదు. అన్నం ఏ చేత్తో తినాలన్న దాని మీద మీ ఇంట్లో మాట వస్తే పంక్తిలో వాడి చేతిలో చెంచా పెట్టండి, గొడవ పడకండి.

ఇంక ఎంగిలి. ఇది పిల్లలకి కనపడని విషయం, అందుకే కష్టం. మట్టి కనపడుతుంది, ఎంగిలి కనపడదు. పైగా మన మాటల్లోనే తిరకాసు ఉంది. "ఎడంచేత్తో ఇవ్వకూడదు" అంటాం, తినేటప్పుడు గరిటె ఎడంచేత్తోనే పట్టుకోమంటాం. పిల్లలు దీన్ని వెంటనే పట్టేస్తారు, "మరి నువ్వు ఎడంచేత్తో పప్పు వేసుకున్నావుగా?" అంటారు. కుడి, ఎడమ వదిలెయ్యండి. "తడిచెయ్యి, పొడిచెయ్యి" అనండి. అన్నం అంటిన తడిచెయ్యి కంచంలోంచి బయటికి రాదు. గరిటె, గ్లాసు, జాడీ పొడిచేతివి. రెండున్నరేళ్ల పిల్లకి కూడా ఇది కళ్లకి కనపడే తేడా.

జాడీ మాత్రం తన చేతికి అందకుండా పెట్టడమే దారి. తడి తగిలితే ఊరగాయ బూజు పడుతుంది. ఏడాది ఆవకాయని పాప నేర్చుకునేదాకా పణంగా పెట్టలేం. రెండు మూడు రోజులకి సరిపడా చిన్న గిన్నెలోకి పొడి చెంచాతో తీసి, ఆ గిన్నె మాత్రమే భోజనాల దగ్గర ఉంచండి. పాప వేలు పెట్టినా పోయేది ఆ గిన్నెలోదే. తనకి కావాల్సినప్పుడు కంచం అంచు మీద వేలితో తట్టాలి అని నేర్పండి. మీరు తప్పకుండా చూసి వెయ్యాలి. రెండుసార్లు తట్టినా ఎవరూ చూడకపోతే మూడోసారి చెయ్యి గిన్నె వైపే వెళ్తుంది.

పంక్తి భోజనానికి: వాణ్ణి ఆకు ముందు కూర్చోబెట్టేది అన్నం వడ్డించే వేళకి. ఆకు వేసినప్పుడే కూర్చోబెడితే నీళ్లు చల్లి ఆకుతో ఆడుకుంటాడు, అన్నం వచ్చేసరికి ఆకు చిరిగి ఉంటుంది. నాలుగేళ్లవాడు కుదురుగా కూర్చోగలిగేది 15, 20 నిమిషాలు. వరసలో చివర కూర్చోబెట్టండి, లేచినా పక్కవాళ్ల ఆకు దాటాల్సిన పని ఉండదు. వడ్డించేవాళ్లని ఆపడానికి చెయ్యి ఆకు మీద అడ్డం పెట్టి "చాలండి" అనడం ముందు నుంచీ ఇంట్లో ఆడించండి. లేకపోతే వాడి ఆకులో మూడు బూరెలు, గుప్పెడు పులిహోర పడతాయి. తర్వాత "పారేశాడు" అని తిట్లు వాడికి.

---

పలకాబలపం:

ఫోను గురించి. మీరు ఫోన్లో ఉన్నప్పుడు వాడికి ఏదైనా కావాలంటే పిలవకుండా మీ ముంజేతి మీద చెయ్యి పెట్టాలి. మీరు వెంటనే వాడి చెయ్యి మీద మీ చెయ్యి పెట్టాలి. "నువ్వున్నావని తెలిసింది, ఆగు" అని దానర్థం. మొదటి వారం 10 సెకన్లలో ఫోను ఆపి వాడి వైపు తిరగండి. తర్వాత అర నిమిషం, నెలాఖరుకి ఒకటిన్నర, రెండు నిమిషాలు. మొదటిరోజే అయిదు నిమిషాలు ఆపితే పద్ధతి అక్కడే చచ్చిపోతుంది, వాడు మళ్లీ కొంగు లాగడమే. దెబ్బ తగిలినా, బాత్రూం వచ్చినా ఆగక్కర్లేదని కూడా చెప్పండి. లేకపోతే బుద్ధిమంతుడు చెయ్యి పెట్టుకుని నిలబడి నిక్కరు తడుపుకుంటాడు.

అలాగే ఫోనులో "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని వాడితో చెప్పించకండి. "నాన్న ఇంట్లో లేరని చెప్పమన్నారు" అనే చెప్తాడు. అందులో వాడి తప్పేమీ లేదు.

షష్టిపూర్తి రోజుకి కొన్ని మాటలు. తాతయ్య, నానమ్మ మళ్లీ దండలు మార్చుకుని, మళ్లీ తాళి కట్టడం చూసి "మళ్లీ పెళ్లేంటి?" అని మండపంలో అడిగేస్తాడు. ముందే చెప్పి ఉంచండి, తాతయ్యకి 60 ఏళ్లు నిండాయి కాబట్టి పండగ చేసుకుంటున్నారని. వాళ్ల పాత పెళ్లిఫొటో ఉంటే వారం ముందు చూపించండి.

అక్షింతల పళ్లెం వాడికివ్వండి, ఈ పనికి నాలుగేళ్లవాడు సరిగ్గా సరిపోతాడు. అంచు పైకి లేచి ఉన్న చిన్న పళ్లెం, అందులో అరకప్పుకి మించకుండా. పెద్దవాళ్ల దగ్గరికెళ్లి "తీసుకోండి" అనాలి, అంతే. విసరడం పెద్దవాళ్ల పని. లేకపోతే గుప్పిట్లతో పురోహితుడి మొహాన కొడతాడు. పసుపు బట్టలకి అంటుతుంది కాబట్టి పట్టుచొక్కా ఆ పని అయ్యాక వెయ్యండి.

ముహూర్తం ఎప్పుడైనా సరే, పిల్లలిద్దరికీ మండపానికి వెళ్లే ముందే కడుపునిండా ఇడ్లీయో పెరుగన్నమో పెట్టెయ్యండి. పంక్తిలో తినేది వాళ్లకి సరదా మాత్రమే. అత్తగారి పక్కన మీరు పీటల దగ్గర ఉంటారు కాబట్టి ఆ మూడు గంటలూ పిల్లల బాధ్యత ఒక్క మనిషికి పేరు పెట్టి అప్పగించండి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు. వాడు మొండికేస్తే ఆ మనిషి మాట్లాడకుండా ఎత్తుకుని వసారాలోకి తీసుకెళ్లాలి. నిజంగా తప్పు మాట అన్నా అక్కడికి తీసుకెళ్లాకే, మోకాళ్ల మీద కూర్చుని, వాడి కళ్ల ఎత్తులో చెప్పాలి. అత్తగారితో కూడా ఇదే మాట అనుకుని ఉంచండి: చెప్పడం తప్పదు, కానీ చుట్టాల మధ్య కాదు.

పాప కోసం రెండు జతల బట్టలు, తడిగుడ్డ, తనకి తెలిసిన స్టీలు గ్లాసు సంచిలో పెట్టుకోండి. మధ్యాహ్నం నిద్ర వేళ ఎవరు పలకరించినా లేపొద్దు.